ఇరవై నాలుగు గదుల గులాబి డబ్బా

గొప్ప పనులు చప్పుడు చెయ్యకుండా జరుగుతాయని పెద్దలంటారు. స్టోరు పిన్ని డబ్బాలు కడగడం ఆ కోవలోది కాదు. ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి కార్ఖానా వెనక పంపు దగ్గర ఆవిడ బకెట్లు దింపిన చప్పుడుకి పై అంతస్తులో గుమాస్తా తన గడియారం సరిచేసుకునేవాడు. నలభై డబ్బాలు, నలభై మూతలు. ముందు వేడినీళ్ళు, తరవాత సబ్బు, మళ్ళీ వేడినీళ్ళు, ఎందుకైనా మంచిదని ఇంకోసారి వేడినీళ్ళు. ఆపైన స్పిరిట్టులో ముంచిన గుడ్డ. చివర్న పొడిగుడ్డతో తళతళలాడేదాకా రుద్దుడు. ఇంతా చేసి ఒక మూత ఎత్తి వెలుతురుకి పట్టి చూసేది. పరీక్ష పేపర్లు దిద్దే పంతులుగారు పిల్లవాడికి నూటికి నూరు వెయ్యకుండా ఉండడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికినట్టుండేది ఆ చూపు.

ఆ కార్ఖానా ఒక ఇరుకు వీధిలో అచ్చాఫీసుకీ సైకిళ్ళ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంది. మూడంతస్తులు, ముప్ఫై ఒక్కమంది. వాళ్ళు తయారుచేసేది లిఫ్టు తలుపుల బోర్డులు. తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు ఆగాలి, మధ్యలో ఎవరి చెయ్యో సంచో అడ్డొస్తే ఎంత మర్యాదగా వెనక్కి తగ్గాలి అన్నది అరచెయ్యంత ఉన్న ఆ పచ్చ బోర్డు నిర్ణయిస్తుంది. మనుషుల్లో ఈ మూడూ తెలిసినవాళ్ళు తక్కువే కనక బోర్డులకి గిరాకీ బాగానే ఉండేది.

పిన్ని ఇరవై ఆరేళ్ళ కిందట అక్కడ ఊడ్చే పనికి చేరింది. ఊడుస్తుంటే చీపురుకి చిన్న చిన్న సామాన్లు తగిలేవి. ఆవిడ వాటిని పారెయ్యలేదు. ఒంటి మీద రంగు గీతలున్నవి ఒకచోట, మూడు కాళ్ళవి ఒకచోట, జెర్రిలా రెండు వైపులా కాళ్ళున్న నల్ల చిప్పులు ఒకచోట పోగేసి, సాయంత్రానికి ఏ బల్ల కింద దొరికింది ఆ బల్ల మీద పెట్టేది. ఆరు నెలలు గడిచాక అప్పటి యజమాని ఒక రోజు వచ్చి, "ఏమ్మా, ఎరుపు ఎరుపు గోధుమరంగు గీతలున్నది ఎక్కడుంది?" అని అడిగితే ఆవిడ చూడకుండానే చెయ్యి పెట్టి తీసిచ్చింది. మర్నాడు చీపురు వేరేవాళ్ళ చేతికి, స్టోరు తాళం ఆవిడ చేతికి వచ్చాయి. చదువు ఎనిమిదో తరగతి. అయినా యాభై నాలుగో ఏట ఆవిడ స్టోరు కిటికీ ముందు ఇంజనీర్లు కూడా వరసలో నిలబడేవాళ్ళు. కిటికీ అవతలికి మాత్రం ఎవరికీ ప్రవేశం లేదు. యజమాని ఒకసారి తెలియక లోపలికి అడుగుపెడితే, "చెప్పులు" అంది పిన్ని. ఆయన విప్పాడు. "చేతులు" అంది. ఆయన వెనక్కి వెళ్ళిపోయాడు.

ఇరవై అయిదేళ్ళు ఆవిడ కడిగినవి రేకు డబ్బాలు. వాటికేమీ కాలేదు, మహా అయితే తుప్పు పట్టాయి. పది నెలల కిందట వాటిని తీసేసి కొత్తవి తెప్పించారు. లేత గులాబి రంగు ప్లాస్టిక్కువి, ఒక్కోదాంట్లో ఇరవై నాలుగు గదులు. పొద్దున్నే ఒక్కో బల్లకి ఆ రోజు బోర్డులకి కావలసిన సామాను గదుల్లో సర్ది పంపడం, సాయంత్రం ఖాళీ డబ్బా వెనక్కి రావడం. ఆ రంగుకి ఒక అర్థం ఉంది. దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్క దగ్గర పెడితే ఎగిరి అంటుకుంటుందే, ఆ స్టాటిక్కు ఈ డబ్బాల్లో పుట్టదు. మనిషికి చురుక్కుమనాలంటే వేల వోల్టులు కావాలి. జెర్రి చిప్పు చావడానికి వంద చాలు. పైగా అది వెంటనే చావదు. లోపల దెబ్బ తగిలినా పైకి చెప్పుకోకుండా పరీక్షల్లో పాసై, ఇంకొకరి లిఫ్టులోకి వెళ్ళి, మూడు వారాల తరవాత చస్తుంది. ఆత్మాభిమానం ఎక్కువ.

కొత్త డబ్బా ప్రతిదాంట్లోనూ ఒక కాగితం వచ్చింది. ఒకవైపు చీమల్లాంటి అక్షరాలు, రెండోవైపు తెల్లగా, నున్నగా, వాడకుండా. అంత మంచి కాగితాన్ని పారేసే మనిషి కాదు పిన్ని. ఒక్కోదాన్ని ఇరవై నాలుగు ముక్కలుగా కత్తిరించి, తెల్లవైపున సామాను పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, గది ముందు చీటీ దూర్చే సందులో పెట్టింది. కడిగే రోజున తీసి, కడిగాక మళ్ళీ పెట్టేది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మేనేజరు ఫొటో తీయించి, "ఆదర్శ స్టోరు" అని కింద రాయించి, మెట్ల మలుపులో గోడకి తగిలించాడు.

ఆ ఫొటో తగిలించిన అయిదో నెలలో లిఫ్టులు తిక్క వేషాలెయ్యడం మొదలుపెట్టాయి.

ఒక ఆఫీసులో లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగి, తలుపు తీసి, మూసి, మళ్ళీ తీసి, చుట్టాన్ని లోపలికి పిలవాలా వద్దా తేల్చుకోలేని గృహస్థులాగా గంటన్నర గడిపింది. ఇంకోచోట ఒక పెద్దమనిషి లోపలికి వెళ్ళాడు, ఆయన గొడుగు బయట ఉండిపోయింది, పిడి మాత్రం ఆయన చేతిలో ఉంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ ఆరు వారాల్లో పదకొండు బోర్డులు వెనక్కి వచ్చాయి. పదకొండూ మూడో బల్ల మీద తయారైనవే.

మూడో బల్ల మీద పనిచేసే అమ్మాయిని కూడా మూడో బల్ల అనే పిలిచేవారు. ఇరవై తొమ్మిదేళ్ళు, ఒక పాప. ఆ అమ్మాయి టంకం పెడితే ప్రతి చుక్కా ఒకే అచ్చులో పోసినట్టుండేది. నాలుగేళ్ళు నేర్చుకుంటే వచ్చిన చెయ్యి అది. జెర్రి చిప్పులు బిగించేది ఆ ఒక్క బల్ల మీదే. మిగతా బల్లల మీద ఉండేవి మోటు సామాన్లు, పిడుగు పడినా చలించనివి. ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. పాడైనవన్నీ ఒక బల్లవే, కాబట్టి తప్పు ఆ బల్లదే అని అందరికీ తట్టింది.

మీటింగు పెట్టారు. స్టాటిక్కు దిగిపోవడానికి చేతికి కట్టుకునే తీగ పట్టీ ఉంటుంది. అది కట్టుకోవట్లేదా అని మేనేజరు అడిగాడు.

"కట్టుకుంటున్నాను సార్. మంచినీళ్ళకి లేచినప్పుడు తప్ప తియ్యను."

"మరి బోర్డులెందుకు పోతున్నాయి?"

"తెలీదు సార్."

మేనేజరు పిన్ని వైపు తిరిగాడు. పిన్ని చీర సర్దుకుని, సాక్షి బోను ఎక్కినంత ఠీవిగా చెప్పింది. "నా డబ్బాల్లోంచి అద్దంలా వెళ్తున్నాయి. ఆ తరవాత ఎవరి చేతిలో ఏమవుతున్నాయో నాకు తెలీదు."

దాంతో తీర్పు అయిపోయింది. ఒకటో తారీకు నుంచి మూడో బల్ల అమ్మాయి ప్యాకింగు గదికి వెళ్ళాలి. బోర్డులు పాడుచేసి బల్ల దిగినవాళ్ళు మళ్ళీ టంకం కడ్డీ పట్టుకోకూడదన్నది ఆ కార్ఖానాలో ఎప్పట్నుంచో ఉన్న నియమం. ఒకటో తారీకుకి ఇంకా పన్నెండు రోజులుంది.

లిఫ్టుల కంపెనీవాళ్ళు అంతటితో ఊరుకోలేదు. సామాను దాచే పద్ధతి కూడా మార్చమన్నారు. కొత్త డబ్బాలు ఎలా ఉండాలో స్పెసిఫికేషన్ రాసే బాధ్యత మేనేజరు పిన్నికి అప్పగించాడు.

"నేనా?"

"డబ్బాల గురించి మీకంటే ఎవరికి తెలుసు పిన్నిగారూ? ఎందుకు మారుస్తున్నామో కారణం కూడా ఒక ముక్క రాయండి. ఫారంలో దానికి ఒక గడి ఉంటుంది."

స్పెసిఫికేషన్ అన్న మాట పిన్ని ఇంటికి వెళ్ళే దారంతా నోట్లో వక్కలా చప్పరిస్తూ వెళ్ళింది. ఆ సాయంత్రం వంటింటి అరుగు మీద టేపు, స్కేలు, పెన్సిలు పరిచింది. ఆవిడ భర్త ముప్ఫై ఏళ్ళు బస్సు తోలి రిటైరైన మనిషి. మోకాళ్ళు రెండూ ఆయనకంటే ముందే రిటైరయ్యాయి.

"మూత మూస్తే గోడల నెత్తిన ఆనాలి. ఆనకపోతే డబ్బా ఒరిగినప్పుడు ఈ గదిలోది ఆ గదిలోకి దూకుతుంది" అని చదివింది పిన్ని. "గోడ అడుగున సందు ఉండకూడదు. మూలలు గుండ్రంగా ఉండాలి, చిన్నవి వేలికి దొరకాలి. ఒకదాని మీద ఒకటి పెడితే జారకూడదు."

"పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నా విషయంలో ఇన్ని షరతులు పెట్టలేదు కదే?"

"అప్పుడు నా చేతిలో టేపు లేదు" అంది పిన్ని, తలెత్తకుండా.

నాలుగు రోజులకి డబ్బాల ఏజెంటు వచ్చాడు. బట్టతల, పెద్ద సంచి, మెట్లెక్కిన ఆయాసం. ఆయన్ని కూడా కిటికీ బయటే నిలబెట్టి, నమూనాలు లోపలికి అందుకుంది. ఆయన సంచిలోంచి రెండు లోహపు పాదాలున్న ఒక చిన్న మీటరు తీశాడు.

"ప్లాస్టిక్కు మీద ఈ పాదాలు పెట్టాలమ్మా. అంకె వస్తుంది. అంకె మరీ ఎక్కువైతే స్టాటిక్కు అక్కడే కూచుంటుంది. మరీ తక్కువైతే ఒక్కసారిగా దూకుతుంది. మధ్యలో ఉంటే నెమ్మదిగా దిగిపోతుంది. కోపంలాగా."

"ఎంతుండాలి?"

"పదివేల కోట్ల ఓముల లోపు ఉంటే పాసు."

కోట్లు అన్న మాట ఆ స్టోరులో వినపడడం అదే మొదటిసారి. పిన్నికి ముచ్చటేసింది. తన డబ్బా ఒకటి తళతళలాడుతున్నది తెచ్చి కిటికీ పలక మీద పెట్టింది. ఏజెంటు పాదాలు ఆనించాడు. మీటరు అంకె చూపించలేదు. అడ్డగీత ఒకటి చూపించింది.

"ఇదేమిటి?"

"లెక్కకి అందలేదమ్మా. ఇది ఫెయిలు. ఇంకోటి ఇవ్వండి."

ఇంకోటి ఇచ్చింది. ఇంకోటి. పదమూడు డబ్బాలు వరసగా అడ్డగీత. ఏజెంటు నుదురు తుడుచుకున్నాడు. "ఏ కంపెనీవాళ్ళో మోసం చేసినట్టున్నారు. అన్నీ ఒకేసారి కొన్నవేనా?"

"అన్నీ ఒకే రోజు. మొత్తం నలభై ఒకటి." అనేసరికి నలభై ఒకటోది గుర్తొచ్చింది. అవసరానికి ఉంటుందని బీరువా మీద పెట్టి, ఒక్కసారి కూడా దించని డబ్బా. స్టూలెక్కి తీసింది. దాని మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. సిగ్గుతో కొంగు అడ్డం పెట్టి, "క్షమించండి, ఇది ఎప్పుడూ కడగలేదు" అంది.

ఆయన దుమ్ము ఊది పాదాలు ఆనించాడు. ఎనిమిది వందల కోట్లు. పాసు.

ఇద్దరూ ఆ అంకెని చూశారు.

"దీన్నేం చేశారమ్మా?"

"ఏమీ చెయ్యలేదు."

"వాటిని?"

"కడిగాను" అంది పిన్ని. గొంతులో అప్పటికింకా గర్వమే ఉంది. "వారం వారం. సబ్బుతో. వేడినీళ్ళతో. స్పిరిట్టుతో."

ఏజెంటు మీటరుని పక్కన పెట్టాడు. తరవాత చదువుకున్న డాక్టరు రోగి బంధువులతో మాట్లాడే పద్ధతిలో మెల్లగా చెప్పాడు. గులాబి ప్లాస్టిక్కులో ఒక మందు కలుపుతారు. అది చెమటలాగా పైకి ఊరి, గాలిలోని తేమని పట్టుకుని కూచుంటుంది. స్టాటిక్కుని దించేది ఆ పొరే. కడిగితే ఆ పొర పోతుంది. వారం వారం కడిగితే లోపలున్న మందు కూడా ఊరి ఊరి అయిపోతుంది. ఇక మిగిలేది గులాబి రంగు. ఆపైన పొడిగుడ్డతో రుద్దితే...

"రుద్దితే?"

"దువ్వెన కథేనమ్మా. స్టాటిక్కు మీరే ఎక్కించినట్టు." ఆయన కొంచెం తటపటాయించాడు. "కడగొద్దని కాగితం ఒకటి వచ్చి ఉండాలే?"

పిన్ని డబ్బాలోంచి ఒక చీటీ లాగింది. ముందువైపు తన ముత్యాల అక్షరాలు. వెనక్కి తిప్పింది. ఇంకో చీటీ లాగింది. ఇరవై నాలుగూ పలక మీద తిరగేసి పేర్చేసరికి ఆ చీమల్లాంటి అక్షరాలు వాక్యాలయ్యాయి. సబ్బు వాడరాదనీ, నీటిలో ముంచరాదనీ, పొడిబట్టతో రుద్దరాదనీ అవి పది నెలలుగా చెబుతూనే ఉన్నాయి. చెయ్యొద్దన్నవన్నీ ఏ ఒక్కటీ వదలకుండా, వరస కూడా తప్పకుండా చేసింది తను.

"నేనెవరికీ చెప్పనమ్మా" అన్నాడు ఏజెంటు, సంచి సర్దుకుంటూ. "పాతబడ్డాయి, మార్చాలి అని రాసెయ్యండి. అందరూ అదే రాస్తారు. ఏ కార్ఖానా అయినా అంతే, పాతబడ్డం ఎవరి తప్పూ కాదు."

ఆ సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్ళి గుక్క తిప్పుకోకుండా అంతా భర్తతో చెప్పింది. ఆయన హాస్యమాడలేదు. దాంతో ఆవిడకి ఇంకా భయమేసింది.

"ఏమండీ, ఏదో ఒకటి అనండి."

"ఏమంటాను? ముప్ఫై ఏళ్ళు బస్సు తోలాను. నా తప్పు వల్ల బండికి ఒక్క గీత కూడా పడలేదు. పడ్డవన్నీ కండక్టర్ల తప్పే. వెనక్కి వస్తుంటే సరిగ్గా చెప్పలేదని రాయించేవాణ్ణి."

"సిగ్గు లేదూ?"

"ఉంది. అందుకే వాళ్ళలో ఒకాయన బజారులో కనిపిస్తే ఇవతల్నించి అవతలికి రోడ్డు దాటేస్తాను." ఆయన మోకాలు నిమురుకున్నాడు. "ఈ కాళ్ళతో రోడ్డు దాటడం ఎంత కష్టమో నీకు తెలీదే."

పిన్ని అన్నం తినలేదు. తప్పు ఒప్పుకోవడం ఒక్కటే అయితే తినేదేమో. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ సంపాదించుకున్న పేరంతా ఆ కడగడం మీదే నిలబడి ఉంది. పొరపాటున ఏదో చెయ్యకూడనిది చేసి ఉంటే అది వేరు. తనలో అన్నిటికంటే మంచిది అనుకున్న గుణమే ఇంకొకరి చేతిలోంచి టంకం కడ్డీ లాగేసుకుంటోంది. దీనికి ఏ గడిలోనూ పట్టే మాట ఆవిడకి దొరకలేదు.

మర్నాడు ఉదయం స్పెసిఫికేషన్ పూర్తి చేసింది. రెండు పేజీలు. ప్లాస్టిక్కు వివరాలు, అంకెలు ఏజెంటుని అడిగి రాసుకున్నవి. డబ్బా నల్లటి ప్లాస్టిక్కుది అయి ఉండాలి, స్టాటిక్కుని దించే గుణం పైపూతలో కాక పదార్థంలోనే ఉండాలి. పది లక్షల ఓములకి తగ్గకూడదు, వంద కోట్లకి మించకూడదు. తీసి పెట్టే గోడలు కూడా డబ్బా చేసిన పదార్థంతోనే చెయ్యాలి. ఇల్లు ఇటుకతో కట్టి గోడలు అట్టతో పెట్టినట్టు ఉండకూడదు. తెల్లకాగితం మీద రుద్దితే నల్లపొడి రాలకూడదు. చివర ఒక వాక్యం: నీటితో, సబ్బుతో కడిగినా గుణం మారకూడదు. కింద కారణం గడిలో ఇలా రాసింది: "ప్రస్తుత డబ్బాలు మంచివే. వాటిని స్టోరులో కడగకూడని విధంగా కడిగినందువల్ల పాడైనవి. చిప్పులు మూడో బల్లకి చేరకముందే దెబ్బతిన్నవి. కడిగినది నేను." పక్కన నలభై ఒక్క డబ్బాల కొలతలు, నలభై అడ్డగీతలు, ఒక అంకె. ఏజెంటు మీటరుని వారం రోజులకి అడిగి ఉంచుకుంది.

మేనేజరు మొదటి పేజీ చదువుతూ తల ఊపాడు, రెండో పేజీ చివర్న ఊపడం ఆపాడు.

"ఇదెందుకు పిన్నిగారూ? పాతబడ్డాయి అని రాద్దాం."

"పది నెలలకే పాతబడితే అమ్మినవాణ్ణి అడగరా?"

"అడిగితే అప్పుడు చూద్దాం. మెట్ల దగ్గర ఫొటో ఉంది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాం."

"మూడో బల్ల?"

"ఆ అమ్మాయిని కొన్నాళ్ళాగి మెల్లగా వెనక్కి తెద్దాంలెండి."

"నియమం ఒప్పుకోదుగా."

"నియమానిదేముంది..." అని మొదలుపెట్టి, ఆ నియమాన్ని పదిరోజుల కిందట తనే గట్టిగా చదివి వినిపించిన సంగతి గుర్తొచ్చి మేనేజరు ఆగాడు. కాగితం మళ్ళీ చూశాడు. "కడిగినా గుణం మారకూడదు అని రాశారు. ఇంక మీరు కడగరు కదా, ఆ షరతెందుకు?"

"నా తరవాత వచ్చేది కడగదని ఏమిటి?" అంది పిన్ని. ఒక్క క్షణం ఆగి, "నేను మాత్రం కడగనని ఏమిటి?" అంది.

ఆయన సంతకం పెట్టాడు. ప్యాకింగు బదిలీ కాగితాన్ని సొరుగులోంచి తీసి అడ్డంగా చింపాడు. మిగతావాళ్ళకి ఈ సంగతి మాత్రం తను చెప్పనన్నాడు. అది న్యాయమే.

అది శనివారం. మూడు గంటలకి బకెట్ల చప్పుడు లేదు. గుమాస్తా గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. టీ వేళకి పిన్ని పై అంతస్తుకి వచ్చి బల్లల మధ్య నిలబడింది. పొడుగ్గా మాట్లాడాలని ఏదో అనుకుంది, కానీ అందరూ గ్లాసులు దించి చూస్తుంటే నాలుగు వాక్యాలే వచ్చాయి. కడిగాను. అందువల్ల పోయాయి. ఈ అమ్మాయి తప్పేమీ లేదు. ఆ రోజు మీటింగులో నేను అన్న మాట తప్పు.

అయిదో బల్ల ఆవిడ, "సబ్బు పెట్టి బాగుచేసినవాళ్ళని చూశాం గానీ..." అని మొదలెట్టి, పక్కావిడ మోచేతి పోటుతో ఆపేసింది.

మూడో బల్ల అమ్మాయి కుర్చీలోంచి లేవలేదు. పట్టీ తీగ చేతికీ బల్లకీ మధ్య అలాగే ఉంది.

"పిన్నీ, ఆ రోజు మీరు అద్దంలా వెళ్తున్నాయి అన్నారే, నేను నమ్మాను" అంది. "మీరంటే నిజమే అయ్యుంటుంది అనుకున్నాను. ఇంటికెళ్ళి నా చేతులు చూసుకున్నాను. ఆ వారంలో మా పాప గడియారం ఆగిపోయింది. నేను ముట్టుకోబట్టే ఆగిందనుకున్నాను. మూడు రోజులు దాన్నే కాదు, పాపని ముట్టుకోవాలన్నా ఏదోలా ఉండేది. బ్యాటరీ అయిపోయింది, అంతే."

పిన్ని నిలబడే ఉంది.

"ఇప్పుడు చెప్పారు, మంచిది. నాకు కోపం పోలేదు."

"పోనక్కర్లేదు" అంది పిన్ని.

"పోయినప్పుడు చెప్తాను."

అమ్మాయి బల్ల మీదకి వంగి టంకం కడ్డీ అందుకుంది. పిన్ని మెట్లు దిగింది. మలుపులో ఫొటో గోడకి ఉన్నచోటే ఉంది. దాన్ని తియ్యమని ఎవరూ చెప్పలేదు, తీసే అధికారం ఎవరిదో ఎవరికీ తెలీదు. పిన్ని కొంగుతో దాని మీద దుమ్ము తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

అయిదు వారాలకి నల్ల డబ్బాలు వచ్చాయి. ఈ అయిదు వారాలూ మూడో బల్ల అమ్మాయి కిటికీ దగ్గరికి వచ్చి, చిప్పులు కంపెనీ నుంచి వచ్చిన నల్ల గొట్టాల్లోనే, మూత తియ్యకుండా అడిగి తీసుకెళ్ళింది. మంచీ చెడ్డా మాట లేదు. డబ్బాలు దిగిన ఉదయం వచ్చి కిటికీ ముందు నిలబడింది.

"నా కళ్ళముందు కొలవాలి" అంది. "ప్రతీదీ."

"నలభై ఉన్నాయి. అక్కడ నిలబడి చూస్తే అంకె కనపడదు."

"మరి?"

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి పిన్ని ఇంకొకరి కోసం స్టోరు తలుపు గడియ తీసింది. చెప్పుల గురించి నోటిదాకా వచ్చిన మాటని మింగింది. అమ్మాయి తనే విప్పి వచ్చింది. కార్ఖానా డబ్బుతో కొన్న కొత్త మీటరు బల్ల మీద ఉంది. పిన్ని దాన్ని అమ్మాయి వైపు జరిపి, తను పుస్తకం, కలం తీసుకుంది.

అమ్మాయి పాదాలు ఆనించి అంకె చదవడం, పిన్ని రాయడం. నాలుగు లక్షలు తక్కువ రెండు కోట్లు. కోటీ ఎనభై లక్షలు. రెండు కోట్లా పది లక్షలు. పదమూడింటిదాకా సాఫీగా సాగింది. పద్నాలుగోదాని అడుగు పాసయింది. అమ్మాయి ఊరుకోకుండా మధ్య గోడ ఒకటి పీకి దాని మీద కూడా పాదాలు పెట్టింది. అడ్డగీత.

"ఇదీ నలుపేగా?" అంది అమ్మాయి.

"అదీ గులాబేగా" అంది పిన్ని.

ఇద్దరూ ఆ గోడని వెలుతురుకి పట్టి చూశారు. అచ్చం మిగతావాటిలాగే ఉంది. ఇంకో గోడ పీకారు, అదీ అడ్డగీతే. ఎక్కడో ఎవరో మామూలు నల్ల ప్లాస్టిక్కు గోడలు ఒక డబ్బాకి సర్దేశారు. పిన్ని స్పెసిఫికేషన్ తీసి, గోడలు కూడా డబ్బా పదార్థంతోనే ఉండాలన్న వాక్యం కింద గీత గీసి, వెనక్కి పంపడానికి పద్నాలుగోదాన్ని పక్కన పెట్టింది.

"ముందువాటివి అడుగులే చూశాం, గోడలు చూడలేదు" అంది అమ్మాయి.

"చూడలేదు."

"మళ్ళీ మొదట్నించీ చూడాలి."

"ఒక్కోదాంట్లో ఎన్ని గోడలున్నాయో తెలుసా నీకు?"

"షరతు రాసింది మీరు" అంది అమ్మాయి. మొహంలో నవ్వు లేదు, మరీ లేకుండానూ లేదు. స్టూలు ఒకటి దగ్గరికి లాక్కుని కూచుంది. "నమ్మకం లేక కాదు పిన్నీ."

"లేకపోయినా ఫర్వాలేదు. చదువు, రాస్తాను."

పిన్ని కొత్త పేజీ తిప్పి, పైన ఒకటో డబ్బా అని రాసి, దాని కింద ఒకటో గోడకి వరస గీసింది.